తెర మీద బొమ్మ పడేముందు

మా మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో టూరింగ్ టాకీసు మైకులో ఘంటసాలవారి ‘నమో వెంకటేశ’ వినిపించిందంటే టికెట్లిస్తున్నారని గుర్తు. మా అమ్మ పొయ్యి ఆర్పి, నా చెయ్యి పట్టుకొని పరుగెత్తేది.

నాటకానికి ముందు ప్రార్థన ఉన్నట్టే సినిమాకూ దేవుడి బొమ్మ కావాలి జనానికి. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) తీసిన విజయావారి హనుమంతుడి జెండా కనిపిస్తే హాలంతా ఈలలే. జెమినీవారి పిల్లలు బూరలూదితే మాకు సంబరం.

ఆ తరువాత, 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ వారి వార్తాచిత్రం. మగవాళ్ళు విసుక్కునేవాళ్ళు గానీ, వంట ముగించుకొని ఆలస్యంగా వచ్చే ఆడవాళ్ళకు అదే దిక్కు! కథ ఇంకా మొదలుకాదు కదా.

ఒకరోజు అది వెయ్యకుండానే బొమ్మ పడింది. “మొదట్లో ఏమైందమ్మా?” అని అమ్మ పక్కావిడను అడిగింది. ఆమే అప్పుడే వచ్చిందట.