కాపాడలేకపోయిన వీరుడు: ఒక చిత్రకథ చరిత్ర

ఆపదలో ఉన్నవారిని ఆదుకోవడమే వీరుని లక్షణమని అన్ని జాతుల కథలూ చెబుతూ వచ్చాయి. ఆదుకోబోయి విఫలుడైన వీరుని గతి ఏమిటన్న ప్రశ్నను మాత్రం కొన్ని కథలే పట్టించుకున్నాయి. రామాయణంలో సీతను విడిపించబోయి రెక్కలు తెగి నేలకూలిన జటాయువు అటువంటి వీరుడు. రాముడు అతనిని నిందించలేదు. తండ్రికి చేసినట్లే దహన సంస్కారం జరిపి జలతర్పణం విడిచాడు. ఆ ఓటమికి ఒక గౌరవం, ఒక ముగింపు లభించాయి. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో వర్ధిల్లిన మాస చిత్రకథలకు ఈ సదుపాయం లేదు. నెలనెలా కొనసాగవలసిన కథలో నాయకునికి ముగింపు ఉండదు. అందువల్ల అతని దుఃఖానికీ ఉండదు. 1973లో స్పైడర్‌మ్యాన్ కథలో సంభవించిన ఒక మరణం, దానికి ఉపశమనం వెదకుతూ తరువాతి రచయితలు తొక్కిన దారులు ఈ చిక్కును స్పష్టంగా చూపుతాయి.

రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు స్టీవ్ డిట్కో 1962లో సృష్టించిన ఈ నాయకుని జీవితానికి అపరాధభావమే పునాది. పీటర్ పార్కర్ అనే విద్యార్థి తనకు అద్భుత శక్తులు అబ్బిన కొత్తలో, పారిపోతున్న ఒక దొంగను పట్టుకోగలిగి కూడా తనకెందుకని వదిలివేస్తాడు. తనను పెంచిన బాబాయి బెన్‌ను ఆ దొంగే హత్య చేస్తాడు. ఆనాటి నుండి పీటర్ చేసే ప్రతి సాహసమూ తీరని ఋణానికి కట్టే వాయిదా వంటిది. 1938లో వెలువడిన సూపర్‌మ్యాన్‌కు లేని ఈ లోపలి గాయమే యువ పాఠకులను స్పైడర్‌మ్యాన్‌కు చేరువ చేసింది.

ఆ రోజులలో అమెరికన్ చిత్రకథలపై 1954లో ప్రచురణకర్తలే ఏర్పరచుకున్న నియమావళి ఆంక్షలు ఉండేవి. 1971లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ కోరిక మేరకు స్టాన్ లీ మాదకద్రవ్యాల దుష్ఫలితాలపై కథ వ్రాయగా, నియమావళి సంస్థ ఆమోదముద్ర నిరాకరించింది. 96 నుండి 98 వరకు మూడు సంచికలు ఆ ముద్ర లేకుండానే వెలువడ్డాయి. అదే సంవత్సరం నియమావళిని సడలించారు. బాలల వినోదంగా పరిగణింపబడిన ఈ ప్రక్రియలో గంభీర విషయాలకు చోటు పెరిగింది.

ఈ వాతావరణంలోనే 1973 జూన్ తేదీతో 121వ సంచిక వెలువడింది. రచయిత గెర్రీ కాన్వే వయస్సు అప్పటికి 20 సంవత్సరాలు. చిత్రాలు గీసినవారు గిల్ కేన్, జాన్ రొమీటా. పీటర్ ప్రేమించిన గ్వెన్ స్టేసీని గ్రీన్ గోబ్లిన్ అనే దుష్టుడు అపహరించి వంతెన మీదికి తీసుకువెళ్ళి, అక్కడి నుండి పడదోస్తాడు. స్పైడర్‌మ్యాన్ సాలెదారం విసిరి ఆమెను నీటిని తాకకముందే ఆపుతాడు. విజయగర్వంతో పైకి లాగి చూస్తే ఆమెలో ప్రాణం లేదు. దారం ఆమెను పట్టి ఆపిన చిత్రంలో మెడ పక్కన ఎముక విరిగిన చప్పుడును సూచించే చిన్న అక్షరాలు కనిపిస్తాయి. పడుతున్న దేహం హఠాత్తుగా ఆగడమే మరణకారణమని కొన్ని నెలలకు అదే పత్రిక లేఖల శీర్షికలో సంపాదకవర్గం వివరించింది. లెక్క కూడా ఆ మాటనే బలపరుస్తుంది. 90 మీటర్ల ఎత్తు నుండి పడే దేహం చివరికి గంటకు సుమారు 150 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది; దానిని అర సెకనులో ఆపితే దేహంపై దాని బరువుకు ఎనిమిది, తొమ్మిది రెట్ల బలం పడుతుంది. ఈ ఘట్టంలోని క్రౌర్యం అదే: వీరుడు ఆలస్యంగా రాలేదు, భయపడి వెనుదిరగలేదు. అతడు అందించిన సహాయమే ఆమె ప్రాణం తీసింది.

ఈ అపరాధభావానికి మొదట కనిపించిన మందు ప్రతీకారం. మరుసటి సంచికలో స్పైడర్‌మ్యాన్ గోబ్లిన్‌ను చావగొట్టబోయి, చివరి క్షణంలో తనను తాను నిగ్రహించుకుంటాడు. గోబ్లిన్ తన వాహనమే గుచ్చుకుని మరణిస్తాడు. పీటర్‌కు మాత్రం శాంతి దొరకదు. ఓదార్చడానికి వచ్చిన స్నేహితురాలు మేరీ జేన్‌ను కసురుకుంటాడు. ఆమె గుమ్మం వరకు వెళ్ళి, తలుపు మూసి, అతనికి తోడుగా గదిలోనే నిలిచిపోతుంది. ఆ మౌనం చేసిన మేలు ప్రతీకారం చేయలేకపోయింది.

రెండవ దారి మృతులను తిరిగి రప్పించడం. గ్వెన్ మరణంపై పాఠకులనుండి తీవ్రమైన నిరసన వచ్చింది. 1975లో ఆమె ప్రతిరూపాన్ని కథలో ప్రవేశపెట్టారు. అయితే ఆ యువతి తాను ఆ గ్వెన్‌ను కానని గ్రహించి తన దారిన తాను వెళ్ళిపోతుంది. కెప్టెన్ అమెరికా కథలో ఈ దారి మరింత దూరం సాగింది. సహచరుడు బకీని కాపాడలేకపోయానని 1964 నుండి కుమిలిన ఆ వీరునికి, 2005లో రచయిత ఎడ్ బ్రూబేకర్ బకీని సజీవంగా ఎదుట నిలిపాడు. ఆ పునరాగమనం కూడా నాయకునికి ఊరట కాలేదు. శత్రువుల చేతిలో హంతకునిగా మారిన స్నేహితుని ఉద్ధరించే కొత్త భారం అతనిపై పడింది.

మూడవ దారి స్మరణ. 1994లో కర్ట్ బ్యూసిక్ వ్రాయగా అలెక్స్ రాస్ చిత్రించిన 'మార్వెల్స్' గ్వెన్ మరణాన్ని ఒక పత్రికా ఛాయాగ్రాహకుని కళ్ళతో చూపింది. పాఠకుడు అక్కడ గ్వెన్‌ను వీరుని ప్రియురాలిగా గాక, లోకాన్ని ఆశ్చర్యంతో చూసే ఒక స్వతంత్ర వ్యక్తిగా తెలుసుకుంటాడు. నాయకుని దుఃఖానికి సాధనాలుగా స్త్రీపాత్రలను బలి ఇచ్చే అలవాటును 1999లో గెయిల్ సిమోన్ ఒక జాబితా ద్వారా ఎత్తిచూపిన తరువాత, ఈ వ్యత్యాసం విలువ అందరికీ తెలియవచ్చింది. 2002లో ప్రారంభమైన 'స్పైడర్‌మ్యాన్: బ్లూ'లో పీటర్ టేప్ రికార్డరు ముందు కూర్చుని గ్వెన్‌తో మాట్లాడినట్లుగా తన జ్ఞాపకాలు చెప్పుకుంటాడు. అప్పటికి అతని భార్య అయిన మేరీ జేన్ ఆ మాటలు విని అసూయపడదు. తాను కూడా ఆమెను తలచుకుంటున్నానని చెప్పమంటుంది. పోయినవారికి ఇంట చోటు ఇవ్వడమే ఆ కథ చూపిన ఉపశమనం.

నాలుగవ దారిని చలనచిత్రం చూపింది. 2014లో వచ్చిన రెండవ 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' చిత్రంలో గడియారపు గోపురంలో గ్వెన్ మరణిస్తుంది. 2021 డిసెంబరులో భారతదేశంలో తెలుగులోనూ విడుదలైన 'నో వే హోమ్'లో అదే నాయకుడు, మరొక లోకపు పీటర్‌ను ప్రేమించిన యువతి ఎత్తునుండి పడిపోతుండగా దూకి, ఆమెను క్షేమంగా నేలకు చేరుస్తాడు. బాగున్నావా అని అడుగుతున్న అతని కళ్ళు చెమ్మగిల్లుతాయి. గ్వెన్ తిరిగి రాలేదు. కానీ ఆమె మరణం నేర్పిన పాఠం మరొక ప్రాణాన్ని నిలిపింది.

2023లో తెలుగు సహా పది భాషలలో మన దేశంలో విడుదలైన 'ఎక్రాస్ ద స్పైడర్‌వర్స్' ఈ ప్రశ్నను మరింత ముందుకు తీసుకువెళ్ళింది. 2004లో భారతీయ స్పైడర్‌మ్యాన్‌గా రూపొందిన పవిత్ర్ ప్రభాకర్ అందులో ఒక పాత్ర. అతని నగరంలో ఒక పోలీసు అధికారి మరణం విధిలిఖితమని కొందరు వాదిస్తారు. మైల్స్ అనే బాలుడు ఆ అధికారిని కాపాడతాడు. వీరుడు కావాలంటే ప్రియమైనవారు బలి కావలసిందేనా అని ఆ కథ నిలదీస్తుంది.

ఈ అర్ధశతాబ్దపు ప్రయాణంలో జరిగినదాన్ని మార్చాలనుకున్న దారులు నాయకునికి శాంతినివ్వలేదు. జరిగినదాన్ని అంగీకరించి, పోయినవారిని వ్యక్తులుగా స్మరించి, మిగిలినవారి కోసం మరొకమారు చేయి చాచిన దారులే ఇచ్చాయి. వరదలలో, అగ్నిప్రమాదాలలో ఒకరిని దక్కించుకోలేక కుమిలే రక్షకులు నిజజీవితంలో ఎందరో ఉన్నారు. వారికి సమాజం ఇవ్వవలసినది వృథా ఓదార్పు కాదు. రాముడు జటాయువుకు ఇచ్చిన గౌరవం.