'డిడ్' పక్కన 'వెంట్'

ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఒక ఇంటర్వ్యూలో "ఐ డిడ్ నాట్ వెంట్ టు ఎనీ కోచింగ్ సర్" అన్నాను. ప్యానెల్లో ఒకాయన నవ్వు ఆపుకుంటూ పక్కాయన వైపు చూశాడు. "మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్" అన్నాడు పక్కాయన. ఆ తర్వాత చాలా ఏళ్ళు మీటింగుల్లో 'డిడ్' నోటిదాకా వస్తే చాలు, తర్వాతి క్రియని మనసులో ఒకసారి సరిచూసుకునేవాణ్ణి.

ఈమధ్య ఆ 'డూ' చరిత్ర చదివాను. ఇంగ్లిష్‌కే ఈ రూలు అలవాటు కావడానికి దాదాపు మూడొందల ఏళ్ళు పట్టిందట!

పాత ఇంగ్లిష్‌లో 'డూ' అంటే చేయడం, పెట్టడం. అంతే. ప్రశ్న వేయడానికి దాని సాయం అక్కర్లేదు. క్రియని ముందుకు జరిపి 'నో యు?' అంటే నీకు తెలుసా అని. కాదనడానికీ అక్కర్లేదు. మధ్యయుగం చివరికొచ్చేసరికి 'ఐ నో నాట్' అంటే సరిపోయేది. మరి డూ ఎక్కణ్ణుంచి దూరింది? చాసర్ కాలంలో దానికి 'చేయించు' అనే అర్థం కూడా ఉండేది. రాజు కోట 'డిడ్ బిల్డ్' అంటే కట్టించాడని. కట్టిన మనుషుల ప్రస్తావన లేకపోతే కట్టించడానికీ కట్టడానికీ తేడా చెరిగిపోతుంది. ఇటుక ముట్టకుండానే మనం "ఇల్లు కట్టాను" అనమూ? అలా అర్థం అరిగిపోయి డూ ఖాళీ మాటగా మిగిలిందని స్వీడన్ పండితుడు ఎలెగార్డ్ 1953లో వాదించాడు. కాదు, వెల్ష్, కార్నిష్ భాషల నుంచి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. ఆ తగవు ఇంకా తెగలేదు.

ఎలెగార్డ్ పాత పుస్తకాల్లోంచి వేలకొద్దీ వాక్యాలు ఏరి లెక్కగట్టాడు. 16వ శతాబ్దంలో మామూలు వాక్యాల్లోకి కూడా డూ చొరబడి, తర్వాత వెనక్కి తగ్గింది. ప్రశ్నల్లో మాత్రం నిలబడిపోయింది. 'నో', 'డౌట్' లాంటి క్రియలు చాలాకాలం మొండికేశాయి. షేక్స్‌పియర్ పాత పద్ధతీ కొత్త పద్ధతీ రెండూ వాడాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో డూ లేని ప్రశ్నలు కొల్లలు. ఇవే లెక్కలతో 1989లో ఆంథొనీ క్రాక్ ఇంకో సంగతి చూపించాడు: 1575 దాకా ఒక్కో రకం వాక్యంలో డూ వాటా వేరువేరుగా ఉన్నా, పెరిగిన వేగం మాత్రం ఒకటే. అంటే పైకి విడివిడిగా కనిపిస్తున్నా లోపల జరుగుతున్న మార్పు ఒక్కటే. కోడ్ రాసేవాడిగా నాకు భలే నచ్చిన భాగం ఇది.

ఇక మన మదర్ టంగ్ సంగతి. 'వెళ్ళాను', 'వెళ్ళాడు' అంటాం. కాదనాలంటే? నేనైనా వాడైనా 'వెళ్ళలేదు'. క్రియ తన కాలాన్నీ కర్తనీ వదిలేసి బోసిగా నిలబడుతుంది, మిగతా పని 'లేదు' చూసుకుంటుంది. 'డిడ్ నాట్ గో'లో జరిగేదీ దాదాపు ఇదే. 'వెళ్ళాను లేదు' అని మనం ఎవరం అనం. 'డిడ్ యు వెంట్?' అన్న తప్పుని 'వెళ్ళావా?' మీదకి నెట్టొచ్చేమో, అక్కడ క్రియ చెక్కుచెదరదు కాబట్టి. కానీ నా 'డిడ్ నాట్ వెంట్'కి తెలుగు పూచీ లేదు. పుట్టినప్పట్నుంచీ ఇంగ్లిషే వింటున్న చిన్నపిల్లలు కూడా కాలాన్ని రెండు చోట్లా తగిలించి ఇలాగే అంటారు. అది నేర్చుకునేవాడు చేసే తప్పు. ఏ అమ్మ భాషా చేయించే తప్పు కాదు.

తప్పు తప్పే, నేనిప్పుడు 'డిడ్ నాట్ గో' అనే అంటాను. కాకపోతే పోయిన నెల ప్యానెల్లో నేను కూర్చున్నాను. ఒకమ్మాయి "ఇట్ డిడ్ నాట్ వర్క్‌డ్, సో ఐ చేంజ్‌డ్ ద క్వెరీ" అంది. పక్కాయన నా వైపు చూశాడు. నేను ఆ అమ్మాయి వైపే చూస్తూ, క్వెరీ ఎలా మార్చిందో చెప్పమన్నాను.