నర్సులకు నాయకత్వ శిక్షణ : రోటరీ సంఘము చరిత్రలో ఒక అధ్యాయము

ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మా కొరకు ఆగి, "అయ్యగారూ, మా అమ్మాయికి విదేశములో నర్సు ఉద్యోగము రావాలని ప్రార్థన చేయండి" అని కోరు తల్లిదండ్రులు మన సంఘములో ప్రతి ఏటా ఉన్నారు. మేమును ప్రార్థించుచునే ఉన్నాము. అయితే మా పిల్ల అక్కడ పడక ప్రక్కన పని చేయుటకే పోవుచున్నదా, లేక ఒక ఆసుపత్రిని నడిపించుట నేర్చుకొనుటకు పోవుచున్నదా అని అడిగిన తల్లిని మేము ఇంతవరకు చూడలేదు. ఈ రెంటికిని భేదమున్నదని మాకు తోచినది రోటరీ సంఘము చరిత్ర చదివినప్పుడు.

1905 ఫిబ్రవరి 23న చికాగో నగరములో పాల్ హారిస్ అను న్యాయవాది ముగ్గురు స్నేహితులతో కూడుకొన్నాడు. ఒకరు బొగ్గు వర్తకుడు, ఒకరు గనుల ఇంజనీరు, ఒకరు దర్జీ వ్యాపారి. వంతుల చొప్పున ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవారు గనుక దానికి రోటరీ అను పేరు వచ్చినది. వీరు పూనుకొన్న మొదటి ప్రజా సేవ ఏమనుకొన్నారు? నగరములో ప్రజలకు మరుగుదొడ్లు కట్టించుట! 1919లో కలకత్తాలో క్లబ్బు ఏర్పడి ఈ ఉద్యమము మన దేశమునకు వచ్చినది.

1917లో అట్లాంటా మహాసభలో ఆర్చ్ క్లంఫ్ అను అధ్యక్షుడు లోకములో మేలు చేయుటకు ఒక నిధి ఉండవలెనని ప్రతిపాదించాడు. మొదటి చందా కాన్సాస్ సిటీ క్లబ్బు నుండి వచ్చిన ఇరువది ఆరున్నర డాలర్లు. ముప్పది సంవత్సరములు ఆ నిధి కుంటుచునే నడిచినది. 1947 జనవరిలో హారిస్ చనిపోగా, ఆయన జ్ఞాపకార్థము చందాలు వెల్లువగా వచ్చిపడినవి. ఆ సంవత్సరమే 18 మంది విద్యార్థులను పరదేశములలో చదువుటకు పంపినారు. ఇట్లు మనుష్యులను పంపి నేర్పించుట రోటరీ పనులలో ఒకటైనది.

నర్సుల విషయములో ఈ పద్ధతి అంతకంటె పాతది. ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట ప్రజలు ఇచ్చిన సుమారు 45,000 పౌనుల నిధితో 1860లో లండను సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల తెరచినారు. ఆ పాఠశాల ఆసుపత్రులకు సేవికలను మాత్రమే గాక అధికారిణులను తయారు చేసినది. 1868లో లూసీ ఆస్‌బర్న్ ఐదుగురు నర్సులతో ఓడ దిగి సిడ్నీ ఆసుపత్రి పగ్గములు చేపట్టినది. అక్కడి వైద్యులతో ఆమెకు పడిన పాట్లు తక్కువ కావు. ఆ తరువాత 1920లో రెడ్‌క్రాస్ సంఘముల సమాఖ్య లండనులో నర్సుల కొరకు అంతర్జాతీయ కోర్సు ప్రారంభించినది. వేర్వేరు దేశముల నర్సులు ఒకచోట చదువుకొని, స్వదేశములకు పోయి పాఠశాలలు నడుపవలెనని దాని ఉద్దేశ్యము.

ఇక్కడ ఒక విచిత్రము చెప్పవలెను. నర్సులలో పదింట తొమ్మిది వంతులు స్త్రీలు. రోటరీ సభ్యత్వమో, పురుషులకు మాత్రమే! 1977లో కాలిఫోర్నియాలోని డుఆర్టీ క్లబ్బు ముగ్గురు స్త్రీలను చేర్చుకొన్నందుకు మరుసటి ఏడు ఆ క్లబ్బునే బహిష్కరించినారు. వారు వెనుదీయలేదు, కోర్టుకెక్కినారు. 1987 మే 4న అమెరికా సుప్రీముకోర్టు వారి పక్షముగా తీర్పు చెప్పినది. ఆ ఏటనే సిల్వియా విట్లాక్ అను పాఠశాల ప్రిన్సిపాలు ఆ క్లబ్బుకు అధ్యక్షురాలైనది. 1989లో రోటరీ తన నిబంధనలలో నుండి "పురుషుడు" అను మాటనే తీసివేసినది. 2022లో జెన్నిఫర్ జోన్స్ రోటరీ అంతర్జాతీయ అధ్యక్ష పీఠము అధిష్ఠించిన మొదటి స్త్రీ. మన సంఘ కమిటీలను తలంచుకొని మేము వారిని ఎగతాళి చేయలేము.

2013 నుండి అమలైన కొత్త పద్ధతిలో, గ్లోబల్ గ్రాంటు కావలెనంటే పని జరుగు దేశములో ఒక క్లబ్బు, వెలుపలి దేశములో ఒక క్లబ్బు జతపడవలెను. ఖర్చు కనీసము 30,000 డాలర్లు ఉండవలెను. స్థానికుల అవసరము ముందుగా విచారించవలెను. వృత్తి శిక్షణ బృందము అను పేర అనుభవజ్ఞులు పోయి నేర్పుదురు, లేక అక్కడివారు వచ్చి నేర్చుకొందురు. మాకు నచ్చినది ఇదే. యంత్రము ఇచ్చి వచ్చినచో అది చెడిపోయిన నాడు మూల పడును. నలుగురికి నేర్పగల ఒక నర్సును తయారు చేసినచో ఆమె తరువాతి బ్యాచిని తయారు చేయును. అయినను రెండు వారములు పాఠము చెప్పి, సర్టిఫికెట్లు పంచి, ఫొటో తీసుకొని వచ్చు బృందములను చూచి మేము సంతోషించము. వార్డు డ్యూటీ పట్టిక వేయుట, మందుల నిల్వ చూచుకొనుట, ఏ వార్డులో ఎందరికి పుండ్లు చీము పట్టినవో లెక్క వ్రాయుట, డాక్టర్ల ఎదుట మీటింగులో నోరు విప్పుట రెండు వారములలో వచ్చు విద్య కాదు.

మన దేశములో ఈ పని ఎంత వెనుకబడినదో 1946 భోర్ కమిటీ నివేదికయే చెప్పుచున్నది: 43,000 మంది జనులకు ఒక నర్సు. ఆ ఏటనే ఢిల్లీలోను వెల్లూరులోను నర్సింగు డిగ్రీ చదువు ప్రారంభమైనది. వెల్లూరులో ఐడా స్కడ్డర్ నర్సుల పాఠశాల 1909లోనే తెరచినారు. మన గుంటూరుకు 1883లో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ దొరసానిగారు వచ్చినది మొదలు మిషను ఆసుపత్రులలో మన ఆడబిడ్డలు నర్సులైరి. కాని మేట్రను కుర్చీ చాలకాలము దొరసానులదే. పని నేర్పినారు, అధికారము అప్పగించుటకు ఆలస్యము చేసినారు. ఆ మిషనరీల ఋణము మరువకుండనే మేము ఈ మాట వ్రాయుచున్నాము.

మేము సేవ చేసిన ఒక పాస్టరేటులో ఒక నర్సమ్మ ఉండెడిది. విదేశములో నర్సింగు పరిపాలన చదివి, మంచి ఉద్యోగము వదలుకొని తిరిగి వచ్చినది. ఇక్కడ ఒక ఆసుపత్రివారు చేర్చుకొన్నారు. మొదటి నెలనే రాత్రి డ్యూటీలో వేసినారు. ఆమె తెచ్చిన నోట్సు చూచినవారు లేరు. వార్డుల పద్ధతి మార్చుటకు వ్రాసిన కాగితము కమిటీ వరకు పోలేదు. ఒక పెద్ద మనిషి, "నర్సుకు ఇవన్నీ ఎందుకు?" అన్నాడట. రెండేండ్లు ఓర్చుకొని మరల విమానమెక్కినది. సాగనంపుటకు మేమే పోయితిమి. ప్రార్థన చేయుటకు మాటలు రాలేదు.

ఇట్టివారిని ధనిక దేశములు లాగికొనిపోవుచున్నవని 2010లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక నియమావళి అంగీకరించినది. 2020లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక ప్రకారము లోకములో 2 కోట్ల 79 లక్షల నర్సులుండగా, 59 లక్షల మంది కొరత ఉన్నది. ప్రతి ఎనమండుగురిలో ఒకరు పరదేశములో పని చేయుచున్నారు. నియమావళి మంచిదే. కాని తిరిగి వచ్చిన నర్సుకు కుర్చీ వేయుమని ఏ ఆసుపత్రినీ అది బలవంతపెట్టదు.

గడచిన క్రిస్మసుకు ఆ నర్సమ్మ సెలవు మీద వచ్చినది. ఆమె ఇప్పుడు అక్కడ కొత్తగా చేరిన నర్సులకు నేర్పుచున్నది. వారిలో మన జిల్లా పిల్లలు ఇద్దరున్నారట. ఇక్కడి ఆసుపత్రివారు మరల కబురు పంపినారా అని మేము అడిగితిమి. లేదన్నది.