బంగారు రేకు క్రింది మాను

ఈ మహాసంప్రోక్షణ సంచికలో గర్భాలయాన్ని గురించి, విమానాన్ని గురించి పెద్దలు వ్రాస్తున్నారు. స్వామివారు ఆసీనులయ్యే పీఠం, పల్లకి, ఊయల, వాహనం, రథాల గురించి నేను నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇవి దేవుని ఇంటి సామగ్రి. వీటిలో పెక్కింటికి దేహం దారువు, చర్మం లోహం.

తిరుమల బ్రహ్మోత్సవాలలో పెద్దశేష వాహనం మొదలు అశ్వవాహనం వరకు మీరు కన్నులారా చూసేది కాంతి. ఆ కాంతికి ఆధారమైన కొయ్యను ఎవ్వరూ చూడరు. వాహనమంతా లోహంతో పోత పోస్తే బోయీల భుజాలు మోయలేవు. వట్టి రేకుతో చేస్తే సొట్టలు పడుతుంది. కొయ్య కుదుపును తనలో ఇముడ్చుకుంటుంది, లోహం కొయ్యకు ఎండావానల నుండి కాపు కాస్తుంది. ఈ రెంటినీ కలపడమే మన శిల్పుల విద్య.

ముందుగా బాగా ఆరిన టేకుమానును చెక్కి, కుసిని బెజ్జంలో దిగవేసి అంగాలను కూర్చుతారు. తరువాత రాగి లేక వెండి రేకును, గుగ్గిలం, ఇటుకపొడి, నూనె కలిపి కాచిన మెత్తని ముద్దపై పరచి, వెనుకనుండి ఉలితో కొట్టి ఈకలను, పొలుసులను ఉబ్బెత్తుగా లేపుతారు. ఆ రేకును కొయ్యపై తొడిగి చిన్న మేకులతో బిగిస్తారు. ఇనుప మేకు పనికిరాదు. అది తుప్పుపట్టి చుట్టూ కొయ్యను కూడా తినివేస్తుంది. పూర్వం బంగారాన్ని పాదరసంలో కరగించి, రాగిపై పూసి, నిప్పు సెగకు పాదరసం ఎగిరిపోయేటట్లు చేసి మలాము పట్టించేవారు. ఆ పొగ పీల్చిన పనివారి ఆరోగ్యం ఏమయ్యేదో మన చరిత్రలలో కనబడదు.

తిరుమల బంగారు వాకిలి తలుపులు కూడా ఈ కోవలోనివే. 2013 బ్రహ్మోత్సవాలలో తొలిసారి తిరువీథులలో కదలిన ఇప్పటి స్వర్ణరథానికి సుమారు 74 కిలోల బంగారం, 2,900 కిలోల రాగి వాడినట్లు అప్పట్లో ప్రకటించారు. అంత లోహాన్ని నిలబెట్టిన కలప ఎంతో ఎందరు అడిగి ఉంటారు?

ధ్వజస్తంభం కథ మరువరానిది. 1982కు పూర్వం తిరుమల ధ్వజస్తంభానికి తొడిగిన బంగారు రేకులను విప్పి చూడగా లోని మాను పుచ్చిపోయి ఉన్నది. వెలుపల ఏ లోపమూ కనబడలేదు. వంకర, తొర్ర, కొమ్మలు లేని నిలువెత్తు టేకు కోసం వెదకి, కర్ణాటకలోని దండేలి అడవులలో సంపాదించి, లారీలపై ఘాట్ రోడ్డు మలుపులు దాటించి, 1982లో నూతన ధ్వజస్తంభాన్ని ప్రతిష్ఠించారు.

అంత పెద్ద ఆలయం మాట అటుంచి, మా చిన్న కోవెలలో జరిగినది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉన్నది. కొన్నేళ్ల క్రితం గరుడసేవనాడు వాహనం ఎత్తగానే లోపల కొయ్య విరిగిన చప్పుడైనది. స్వామివారిని వెంటనే దించుకొని పల్లకిలో వేంచేపు చేశాము. మరునాడు వెండి రేకు విప్పితే కుడి రెక్క మొదలంతా చెద. తప్పు నాదే. ఏటా ఉత్సవానికి ముందు చింతపండు నీళ్లతో తోమించి, తళతళలాడితే చాలుననుకున్నాను. ఆ నీరే అతుకుల గుండా లోపలికి దిగినది.

క్రొత్త గరుడునికి వెండి కావాలనగానే నెల తిరగకుండా దాతలు ముందుకు వచ్చారు. టేకుకు మాత్రం ఏడాది దాకా ఎవరూ రాలేదు. వెండిపై పేరు చెక్కించవచ్చును, కొయ్యపై చెక్కించినా కనబడదు గదా! చివరకు ఒక వడ్రంగి కుటుంబం కలపనిచ్చి, పేరు వద్దన్నది.

ఈసారి స్థపతిగారు రేకును ఒకే తొడుగుగా కాక, మరలు విప్పి చూడదగిన భాగాలుగా అమర్చారు. తడి గుడ్డకు బదులు పొడి విభూతితో తుడుస్తున్నాము. ఏటా ఉత్సవానికి నెల ముందు వడ్రంగిని పిలిపించి లోపలి కొయ్యను పరీక్షింపజేయడం కూడా నిర్ణయమైనది. పాత రెక్క ముక్కను పారవేయలేదు. వాహన మండపం ఉత్తరపు గోడవద్ద ఉంచాము. సంప్రోక్షణకు విచ్చేసినప్పుడు, క్రొత్త గరుడుని సేవించిన పిమ్మట, దానిని కూడా ఒకసారి చేతిలోనికి తీసుకొని చూడండి. ఎంత తేలికగా ఉన్నదో మీకే తెలుస్తుంది.