కళుగుమలై
తమిళనాడులోని తూత్తుకుడి జిల్లాలో, కోవిల్‌పట్టికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన నల్లరేగడి చేల మధ్య లేచిన రాతికొండ, దాని కిందనున్న ఊరు. విరుదునగర్ వైపు నుంచి వచ్చేవారు కూడా కోవిల్‌పట్టి మీదుగా చేరవచ్చు.

కొండపై ముందు చూడవలసింది వెట్టువాన్ కోయిల్. 8వ శతాబ్దపు పాండ్యుల కాలంలో రాతిని పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చిన ఏకశిలాలయమిది. ఎల్లోరా కైలాసాన్నీ ఇలాగే తొలిచారు. విమాన శిఖరం పూర్తయింది, కింది భాగం మొరటు రాయిగానే ఉండిపోయింది. శిఖరం మీద మృదంగం వాయిస్తున్న దక్షిణామూర్తిని వెతికి చూడాలి. పని ఆగిపోవడానికి శిల్పులైన తండ్రీకొడుకుల పోటీయే కారణమని స్థానికులు చెప్పే కథకు ఆధారాల్లేవు.

పక్క చరియపై జైన తీర్థంకరులు వరుసలుగా కూర్చుని ఉంటారు. పార్శ్వనాథుడు, బాహుబలి, యక్షి అంబిక స్పష్టంగా గుర్తుపట్టేలా ఉన్నారు. బొమ్మల కింద వట్టెళుత్తు లిపిలో దాతల పేర్లున్నాయి.

కొండ దిగువన కళుగాచలమూర్తిగా కొలిచే మురుగన్ గుహాలయం ఉంది. ఈ మురుగన్‌పైనే అన్నామలై రెడ్డియార్ 19వ శతాబ్దంలో కావడిచిందు పాటలు రాశారు. తెలుగు మాట్లాడే ఎట్టయపురం జమీందారులు ఈ గుడిని పోషించారు.

మధ్యాహ్నం బండ కాలుతుంది. పొద్దున్నే ఎక్కడం మేలు. తిరుగుదారిలో కోవిల్‌పట్టి పల్లీపట్టీ కొనుక్కోవచ్చు. దానికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది.