రంగును చూచు కన్ను

పటాన్‌చెరు దాపుననున్న లక్డారమువంటి గ్రామములు నేడు కర్మాగారముల నడుమ ఉన్నవి. అచ్చట రంగే ఆజ్ఞగా పనిచేయును. ఎఱ్ఱదీపము ఆగుమనును, ఆకుపచ్చ తీగ భూమికి కలుపవలసినదని చెప్పును. అయితే రంగులు అందరి కండ్లకును ఒక్కరీతిగా తోచవు. ఈ సంగతి శాస్త్రమునకు ఎట్లు తెలిసినదో చూతము.

1794లో జాన్ డాల్టను అను రసాయన శాస్త్రవేత్త మాంచెస్టరు పండితసభలో తన కంటి ముచ్చటనే చదివినాడు. పగలు ఆకాశపు నీలముగా కనిపించిన జరేనియము పువ్వు, క్రొవ్వొత్తి వెలుగులో ఆయనకు ఎఱ్ఱగా కనిపించినది. ఆయన సోదరునికి తప్ప ఇతరులకు అట్టి మార్పు తోచలేదు. తన కంటిలోని ద్రవము నీలవర్ణము కలదని డాల్టను తలచినాడు. మరణానంతరము పరీక్షింపుమని కోరినాడు. 1844లో ఆయన మరణించిన పిమ్మట చూడగా ద్రవము నిర్మలముగానే ఉన్నది.

కంటిలో మూడు విధములైన గ్రాహకములు చాలునని థామస్ యంగు 1801లోనే ఊహించినాడు. అవి రెటీనాలోని శంకు కణములు. భద్రపరచిన డాల్టను కంటిని 1995లో శోధింపగా, ఆకుపచ్చ కాంతిని గ్రహించు వర్ణకపు జన్యువు ఆయనకు లేదని తేలినది. ఎఱుపు, ఆకుపచ్చ వర్ణకముల జన్యువులు ఎక్స్ క్రోమోజోముపై ఉండును. పురుషునికి ఆ క్రోమోజోము ఒక్కటే గనుక ఈ లోపము మగవారిలో హెచ్చు. అది తల్లినుండి కుమారునికి సంక్రమించును.

1875లో స్వీడనులోని లాగర్‌లుండాయొద్ద రైళ్ళు ఢీకొన్నవి. వర్ణాంధతను శంకించిన హోల్మ్‌గ్రెన్ అను శాస్త్రవేత్త, రంగుల ఉన్నిపోగులతో రైల్వే ఉద్యోగులను పరీక్షించు పద్ధతి కల్పించినాడు. 1917లో జపాను వైద్యుడు ఇషిహారా చుక్కల పటములు వెలువరించినాడు. ప్రయాణికులకు రక్షణ కలిగినది. మరి పరీక్షలో తప్పినవాని జీవనోపాధి మాటేమి?

ఈ ప్రశ్నయే మన ప్రాంతమునుండి సుప్రీంకోర్టుకు చేరినది. 2014లో రోడ్డు రవాణా సంస్థలో నియమితుడైన ఒక డ్రైవరును వర్ణాంధుడని తేల్చి, 2016లో పదవినుండి తప్పించినారు. వర్ణాంధులైన డ్రైవర్లకు వేఱొక కొలువు చూపవలెనని 1979నాటి కార్మిక ఒప్పందమున ఉన్నది. దానిని మన్నించి, తగిన ఉద్యోగమును, బకాయి వేతనములో నాల్గవ వంతును ఇవ్వవలెనని 2025 ఆగస్టు 1న న్యాయస్థానము ఆదేశించినది.

పుట్టుకతో వచ్చు వర్ణాంధతను మాన్పు చికిత్స నేటికిని వాడుకలో లేదు. దానిని కనుగొనుటకు మాత్రము కొన్ని నిమిషములు చాలును. పిల్లవాడు వృత్తిని ఎన్నుకొనకమునుపే ఆ పరీక్ష చేయించుట తల్లిదండ్రులకు మేలు.