చేనా? చెరువా?

కొల్లేటి చుట్టుపట్ల వరిచేలు ఎన్నో చేపల చెరువులైన సంగతి మీరెరిగినదే. ఆ మార్పు ఆకాశంనుంచీ కనబడింది. 1972లో అమెరికావారి మొదటి ల్యాండ్‌శాట్, 1988 మార్చి 17న మన ఐ.ఆర్.ఎస్. 1ఎ ఉపగ్రహం పైకి వెళ్ళాయి. కంటికి ఆనని పరారుణ కాంతిని ఎరుపుగా చూపే ఆ చిత్రాల్లో పచ్చని పైరు ఎర్రగాను, నీరు నల్లగాను పడతాయి. ఏటేటి చిత్రాలను పక్కపక్కన పెడితే చేను ఎప్పుడు చెరువైందో తేలుతుంది.

అయితే ఒక చిక్కున్నది. నాట్లవేళ నీరు నిలిచిన దమ్ముచేను కూడా నల్లగానే ఉంటుంది గదా! ఆ ఒక్క చిత్రం చూచి చెరువని వ్రాస్తే రైతుకు అన్యాయమే. పైరు కమ్ముకున్నాక మరల చూడాలి. చేనైతే ఎర్రబడుతుంది, చెరువైతే నలుపు మారదు. అప్పటికీ అనుమానముంటే వ్యవసాయోద్యోగి గట్టుమీదికి వెళ్ళి చూచిరావలసినదే.